త్రాసుకు ఆనించిన ఫోన్లో గద్ద గూడు

నల్లగొండలో మాది చేపల దుకాణం. పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా తలెత్తే తీరిక ఉండదు. మధ్యాహ్నం రెండు దాటితే ఈగలు తోలుకోవడమే పని. ఆ ఖాళీలో ఫోన్ త్రాసుకు ఆనించి, డవీ ఆస్ప్రే ప్రాజెక్టు వాళ్లు యూట్యూబ్‌లో పెట్టే గద్ద గూటి లైవ్ కెమెరా చూడటం అలవాటైంది. ఒక సీజన్ మొత్తం చూశాక రాస్తున్నా.

ఆస్ప్రే అంటే చేప తప్ప ఇంకోటి పెద్దగా ముట్టని పక్షి. తెలుగులో కొరమీను గద్ద అంటారు. చలికాలంలో మన చెరువుల మీదికీ వస్తుంది. పానగల్లు ఉదయసముద్రం దగ్గర రెండుసార్లు చూశా గానీ, బండికి స్టాండు వేసేలోపే ఎగిరిపోయింది. ఇక్కడికి చలికి వచ్చిపోయేదే తప్ప గూడు పెట్టదు. గూడు చూడాలంటే ఫోన్లో బ్రిటన్‌లోని వేల్స్ దాకా పోవాల్సిందే. అక్కడ డవీ నది పక్క చిత్తడి నేలలో, స్తంభం మీద కట్టిన వేదిక పైన ఈ గూడు ఉంది. 2011లో మొదటిసారి ఇందులో పిల్లలు లేచాయట. పక్కనే రైలు పట్టాలు. బండి పోతుంటే పక్షులు తల కూడా తిప్పవు.

టైమ్ మనకు బాగా కలిసొస్తుంది. ఎండాకాలంలో వాళ్లు మనకన్నా నాలుగున్నర గంటలు వెనక. జూన్‌లో మనకు తొమ్మిదిన్నరకు అక్కడ తెల్లారుతుంది, నా గిరాకీ తగ్గేసరికి అక్కడ వేట జోరు మీద ఉంటుంది. పొద్దున దుకాణం తెరిచేటప్పుడు మాత్రం నలుపు తెలుపు బొమ్మే. చీకట్లో ఆడది రెక్కలు పరుచుకుని పడుకునుంటుంది, గాలి చప్పుడు తప్ప ఏమీ ఉండదు. నాకు అదీ ఇష్టమే. మా ఆవిడ మాత్రం "కదలని బొమ్మకు కరెంటు దండగ" అంటుంది.

ఏప్రిల్‌లో గుడ్లు. మూడు మామూలు. ముప్పై ఏడు రోజుల దాకా పొదగడమే, అప్పుడు కొంచెం బోరు కొడుతుంది, ఒప్పుకుంటా. అసలు మజా మే ఆఖర్లో పిల్లలు బయటపడ్డాక. అప్పటికి మనకు మృగశిర కార్తె దగ్గర పడుతుంది. ఆ రోజు తెలంగాణలో చేప వండని ఇల్లు తక్కువ. మా దుకాణం ముందు లైన్. "అన్నా, ముక్కలు చిన్నగ కొట్టు", "అన్నా, పొలుసు మంచిగ తియ్యి". నాలుగు గంటలకు నడుం వాల్చి ఫోన్ తెరిస్తే అక్కడా అదే లొల్లి. మగది చేప తేకముందే ఆడది అరుస్తోంది, తెచ్చాక పిల్లలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. నేనొక్కణ్నే కష్టపడుతున్నా అనుకున్నా ఆ రోజు దాకా.

ఇక తలకాయ సంగతి చెప్పాలి. మగది చాలాసార్లు గూటికి తలలేని చేపే తెస్తుంది. తల ముందే ఎక్కడో కూర్చుని తినేస్తుంది. మొదట్లో మా ఆవిడ "ఎంత స్వార్థం" అంది. నాకైతే నవ్వొచ్చింది. తలకాయ కోసం ముందురోజే ఫోన్ చేసి చెప్పిపెట్టుకునే గిరాకీలు నాకూ ఉన్నారు. దేనికి రుచి ఉందో దానికీ తెలుసు.

ఆ పట్టు చూడండి. బతికున్న కొర్రమీను చేతిలో నిలవాలంటే నేను బూడిద పూసుకోవాలి. దీనికి కాళ్ల అడుగున ముళ్లలాంటి గరుకు ఉంటుంది. బయటి వేలు వెనక్కి తిరుగుతుంది కాబట్టి రెండు వేళ్లు ముందు, రెండు వెనక పడతాయి. గాలికి ఎదురు రాకుండా చేప తలను ముందుకు తిప్పి మోసుకొస్తుంది. ఆడది దాన్ని కాలికింద తొక్కిపట్టి, గోరంత ముక్క పీకి, మెడ పక్కకు వంచి అందిస్తుంది. పిల్ల మెడ ఊగిపోతూ రెండుసార్లు గురి తప్పుతుంది. తల్లి అలాగే పట్టుకుని ఆగుతుంది, మూడోసారీ తప్పితే తానే మింగి ఇంకోటి పీకుతుంది. ముక్కు అంత వాడిది, పిల్ల కంటికి ఎక్కడా తగలదు. ముప్పై ఏళ్లుగా కత్తిపీట ముందున్నవాణ్ని, నా వేళ్లకే కాట్లున్నాయి.

కష్టం అంతా నెట్‌తోనే. మా గల్లీ నెట్ అతనికి ఎన్ని ఫోన్లు చేసినా, సరిగ్గా చేప దిగే టైమ్‌కే చక్రం తిరుగుతుంది. వెనక్కి జరుపుకుని చూడొచ్చు గానీ ఆ టెన్షన్ ఉండదు కదా. మొబైల్ డేటాతో హెచ్‌డీలో పెడితే రోజు ప్యాకు సాయంత్రానికే ఖతం. 360లో పెట్టుకోండి, చేప ఏదో తెలుస్తుంది.

కెమెరాకు డబ్బులేమీ అడగరు. నా లెక్కలో అయిదుకు నాలుగున్నర. ఆ సగం తీసింది సెప్టెంబర్ తర్వాత ఖాళీ పుల్లలే కనిపిస్తాయని. పక్షులు పడమటి ఆఫ్రికాకు పోతాయి, అందులో ఎవరి తప్పూ లేదు. మళ్లీ మార్చి ఆఖరు నుంచి చూడండి. నాలాంటి వ్యాపారమైతే చేతులు కడుక్కుని, తుడుచుకుని ఫోన్ ముట్టుకోండి. నా స్పీకర్లో రోహు పొలుసు ఇరుక్కుని, రిపేరు షాపు పిల్లాడు చిమటాతో తీస్తూ ముక్కు మూసుకున్నాడు.