సికింద్రాబాద్ ట్రస్టు దవాఖానా: ఏళ్ళ తరబడి మందులు వాడుతున్న మనిషి మాట

షుగరు, బీపీ ఉన్నవాళ్ళకు దవాఖానా అంటే ఒకసారి పోయి వచ్చే చోటు కాదు. నెల నెలా పోవాలి, బతికినన్నాళ్ళూ పోవాలి. అందుకే ఈ ట్రస్టు దవాఖానా గురించి రాయడానికి ఇన్నేళ్ళు ఆగాను. సికింద్రాబాద్ స్టేషన్ నుంచి నడిచి పోగలిగే దూరంలో, ఒక పాత ఇంటి కింది వాటాలో నడుస్తుంది. బాగున్నవే కాదు, బాగోలేనివి కూడా చెప్పబోతున్నాను కాబట్టి పేరు రాయడం లేదు. చుట్టుపక్కల బస్తీలవాళ్ళకు ఎలాగూ తెలుసు.

నేను చిలకలగూడలో మిషన్ కుడతాను. బ్లౌజులు, ఫాల్స్, పీకో. పెళ్ళిళ్ళ రోజుల్లో చేతినిండా పని, ఆషాఢం వచ్చిందంటే ఖాళీగా కూర్చోవడమే. షుగరు బయటపడ్డ కొత్తలో మా గల్లీ చివరి ప్రైవేటు డాక్టరు దగ్గరికి పోయేదాన్ని. ఫీజు, పరీక్షలు, మందులు కలిపితే ఒక్కో నెల ఇంటి కిరాయిలో సగం అయ్యేది. పదిహేను రోజుల గోలీలు తెచ్చుకుని నెలంతా లాక్కురావడం మా బస్తీలో చాలామందికి అలవాటే, నాకూ అదే గతి.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారు. ఉంది. 2007లో మొదలైంది, 2023 డిసెంబరులో మన రాష్ట్రంలో దాన్ని కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పెంచారు. గుండె ఆపరేషన్ లాంటిది నెత్తిన పడితే ఇల్లు అమ్ముకోకుండా కాపాడుతుంది. కానీ అది దవాఖానాలో చేరినప్పటి మాట. షుగరుకు రోజూ మింగే మెట్‌ఫార్మిన్ గోలీకి, మూడు నెలలకోసారి చేయించుకునే రక్తపరీక్షకు అది అక్కరకు రాదు. ఆ గోలీ రోజూ పడకపోవడం వల్లనే కదా కిడ్నీలు, కాళ్ళు, కళ్ళు చెడి చివరికి పెద్ద దవాఖానా దాకా పోయేది. పైగా ఫుట్‌పాత్ మీద పడుకునే మనిషికి చిరునామా ఉండదు, చిరునామా లేక రేషన్ కార్డు ఉండదు, కార్డు లేక ఇంకేదీ ఉండదు.

మొదటిసారి పోయినప్పుడు ఇక్కడ 20 రూపాయలు తీసుకుని ఫైలు కడతారు. లేవంటే అడగరు. ఆధార్ ఉంటే నంబరు రాసుకుంటారు, లేదని ఎవరినీ వెనక్కి పంపడం నేను చూడలేదు. ఆ ఫైలులో చిరునామా కింద ఇంకో రెండు గడులు ఉంటాయి. ఒకటి, రాత్రి పడుకునే చోటు. రెండోది, అన్నం తినే చోటు, వేళ. ఇన్నేళ్ళలో నాకు ఈ దవాఖానా మీద ఏర్పడ్డ నమ్మకమంతా ఆ రెండు గడుల మీదే ఉంది.

ఎందుకో చెబుతాను. డాక్టరు గదికి తలుపు లేదు, పరదా ఒకటే. బయట బెంచీ మీద కూర్చుంటే లోపలి మాటలు వినపడతాయి. ఒకసారి నా ముందున్న పెద్దాయనను డాక్టరు అడుగుతున్నారు.

‘‘తాతా, పొద్దున ఏం తిన్నవ్?’’

‘‘చాయ్ తాగిన సారూ.’’

‘‘అన్నం ఎప్పుడు తింటవ్?’’

‘‘పగటీలి, ఐదు రూపాయల బువ్వ కాడ.’’

‘‘మరి రాత్రి?’’

‘‘దొరికితే తింట.’’

అప్పటిదాకా ఆయన వాడుతున్న చీటీలో పొద్దున ఒకటి, రాత్రి ఒకటి గ్లిమిపిరైడ్ ఉందట. డాక్టరు రెండూ కొట్టేసి, మధ్యాహ్నం అన్నం తిన్నాక వేసుకునేలా మెట్‌ఫార్మిన్ రాశారు. పక్కనున్న కొత్త డాక్టరమ్మకు వివరించి చెబుతుంటే నేనూ విన్నాను. గ్లిమిపిరైడ్ మనం తిన్నా తినకపోయినా షుగరును కిందికి లాగుతుంది. తిండి లేనివాడికి రాత్రి ఆ గోలీ పడితే చెమటలు పట్టి, వణికి, తూలి పడిపోతాడు. ఇంట్లో అయితే ఎవరో ఒకరు నోట్లో ఇంత చక్కెర పోస్తారు. ఫుట్‌పాత్ మీద తూలితే తాగి పడ్డాడనుకుని జనం దాటుకుని పోతారు. జీహెచ్ఎంసీ వాళ్ళు హరేకృష్ణ ఫౌండేషన్‌తో కలిసి 2014లో మొదలుపెట్టిన ఐదు రూపాయల భోజనమే ఆ పెద్దాయనకు రోజు మొత్తానికి నమ్మకమైన పూట. మందు ఆ పూటను పట్టుకుని ఉండాలి. ఈ సంగతి తెలియాలంటే డాక్టరు అడగాలి, అడగడానికి తీరిక ఉండాలి. ఇక్కడ ఒక్కో మనిషికి ఇచ్చే సమయం ఎక్కువ, అందుకే లైను మెల్లగా కదులుతుంది. లైను గురించి విసుక్కునేవాళ్ళకు నేను చెప్పే జవాబు ఇదే.

నా కాళ్ళ సంగతికి వస్తాను. మిషన్ తొక్కేవాళ్ళకు పాదాలే పనిముట్లు. షుగరు వచ్చిన కొన్నేళ్ళకు అరికాళ్ళు మొద్దుబారాయి. కిందపడ్డ సూది మడమలో దిగితే నొప్పి తెలియలేదు, నేల మీద రక్తం మరక చూసి మా కోడలు చెప్పింది. ప్రైవేటులో ఎవరూ నా చెప్పులు విప్పించి చూడలేదు. ఇక్కడ సిస్టరు ఆరు నెలలకోసారి కాళ్ళు చూస్తుంది. కళ్ళు మూసుకోమని, సన్నటి నైలాన్ పోగును అరికాలికి ఆనించి అది వంగేదాకా నొక్కుతుంది. తగిలిన చోటల్లా చెప్పమంటుంది. ఆ పోగు 10 గ్రాముల ఒత్తిడికి వంగేలా తయారుచేసిందట. బొటనవేలి కింద, మడమ దగ్గర నాకు తెలియనే లేదు. ఆ రోజే వేళ్ళ సందులు చూసుకోవడం, గోళ్ళు తిన్నగా కత్తిరించుకోవడం, వేడినీళ్ళలో కాలు పెట్టే ముందు మోచేతితో చూసుకోవడం నేర్పింది. ఎం.సి.ఆర్. చెప్పులు ఇప్పించారు. కుష్ఠు వచ్చి స్పర్శ పోయినవాళ్ళకు ఇచ్చే మెత్తటి రబ్బరు చెప్పులివి, మొదట ఆ మాట విని ముఖం చిన్నబుచ్చుకునేవాళ్ళను చూశాను. వేసుకున్నాక వదలరు. మే నెలలో తారురోడ్డు మీద ఉత్తకాళ్ళతో తిరిగేవాళ్ళకు వీటివల్ల వేళ్ళు మిగులుతున్నాయి. ఈ ఒక్క పని కోసమైనా నేను ఈ దవాఖానాకు చేతులెత్తి దండం పెడతాను.

మందుల కిటికీ దగ్గర గోలీలు కాగితం కవర్లలో పెట్టి ఇస్తారు. పొద్దుటిదానికి సూర్యుడు, రాత్రిదానికి చంద్రుడు బొమ్మ. చదువు రాని మా అత్తకు అది చాలు. ఖాళీ అయిన అట్టలు వెనక్కి తెమ్మంటారు, ఎన్ని మింగామో చూస్తారు. చిక్కు ఎక్కడొస్తుందంటే, కంపెనీ మారుతుంటుంది. టెండరులో ఏది చవగ్గా వస్తే అది కొంటారు, అందులో తప్పేమీ లేదు. కానీ పోయిన నెల ఎర్ర అట్టలో ఉన్న బీపీ గోలీ ఆమ్లోడిపిన్ ఈ నెల నీలం అట్టలో వస్తుంది. మా అత్త పాతవి నాలుగు మిగిలాయని వాటినీ, కొత్తవాటినీ కలిపి వేసుకుంది. కాళ్ళు పొంగి, తల తిరిగి పడకేసింది. అట్ట మారినప్పుడు కిటికీ దగ్గర ఒక్క మాట గట్టిగా చెప్పాలి, పాతవి ఉంటే తీసేసుకోవాలి. ఈ విషయం నేను చాలాసార్లు అడిగాను. ఒక సిస్టరు చేస్తుంది, ఇంకొకరు చేయరు.

ఇన్సులిన్ వాడేవాళ్ళ కోసం ఒక ఏర్పాటు ఉంది. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఫుట్‌పాత్ మీద ఫ్రిజ్ ఎక్కడిది? అందుకని వాళ్ళ సీసాలు పేరు రాసి దవాఖానా ఫ్రిజ్‌లోనే పెట్టి, ఒక్కోటి మాత్రమే చేతికిస్తారు. తెరిచినదాన్ని మట్టికుండ చల్లదనంలో, నీడలో పెట్టుకోమంటారు. అయినా హైదరాబాద్ ఎండలు నలభై దాటాక అది ఎంత నిలుస్తుందోనని వాళ్ళకూ బెంగే.

టీబీ విషయంలో వీళ్ళు పడే శ్రమ దగ్గరగా చూశాను. మోండా మార్కెట్‌లో మూటలు మోసే ఒకాయన నా దగ్గర చిరిగిన చొక్కాలు కుట్టించుకునేవాడు. రాత్రి అక్కడే బస్తాల మీద పడుకుంటాడు. దగ్గు వారాలు దాటినా పోలేదు. ట్రస్టువాళ్ళు కఫం డబ్బా ఇచ్చి సర్కారు సెంటరులో సీబీనాట్ పరీక్ష చేయించారు, టీబీ అని తేలింది. మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు. పోషకాహారానికి 2018 నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1000. అయితే ఆ డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది, ఆయనకు ఖాతా లేదు. ఖాతాకు ఆధార్ కావాలి, ఆయన ఆధార్ ఎప్పుడో వానలో పోయింది. ట్రస్టులో పనిచేసే ఒక అబ్బాయి ఆయన్ని వెంటబెట్టుకుని కౌంటర్ల చుట్టూ తిరిగి ఖాతా తెరిపించాడు. ఎర్రగా మూత్రం వస్తే భయపడొద్దు, అది రిఫాంపిసిన్ అనే టీబీ గోలీ రంగు అని సిస్టరు ముందే చెప్పి ఉంచింది, లేకపోతే మొదటి వారమే మానేసేవాడు. రెండో నెలకు దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, ‘‘బాగైపోయిన అక్కా, ఇంకెందుకు’’ అన్నాడు నాతో. ఆ మాట నేను సిస్టరు చెవిన వేశాను. ఆమె ప్రతి పొద్దున మార్కెట్‌కు మనిషిని పంపింది. ఆరు నెలలూ పూర్తయ్యాయి. ఇప్పుడు మళ్ళీ మూటలు మోస్తున్నాడు.

సర్కారు బస్తీ దవాఖానాలు 2018లో వచ్చాక ఇక ట్రస్టులు ఎందుకని కొందరు అడుగుతారు. నా అనుభవంలో రెండూ కావాలి. జ్వరానికి, పిల్లల విరేచనాలకు నేను బస్తీ దవాఖానాకే పోతాను, దగ్గర, పైసా ఖర్చు లేదు. అక్కడ తీసిన రక్తం సర్కారు ల్యాబు తెలంగాణ డయాగ్నొస్టిక్స్‌కు పోతుంది, రిపోర్టు ఫోనుకు వస్తుంది. ఫోను ఉన్నవాళ్ళకు ఇది గొప్ప సౌకర్యం. ఫోను లేనివాళ్ళ రిపోర్టు కోసం ట్రస్టు మనిషే తన నంబరు రాయిస్తాడు, వచ్చినదాన్ని అచ్చు తీసి ఫైలులో పెడతాడు. ఒకదాని పని ఇంకోటి అందుకుంటే రోగి మధ్యలో జారిపోడు.

ఇక బాగోలేనివి. డాక్టర్లు నిలవరు. ఎంబీబీఎస్ అయిన పిల్లలు వస్తారు, మన పేరు, మన కాలు, మన ఇంటి గొడవ గుర్తుపట్టే సమయానికి పీజీ సీటు వచ్చి వెళ్ళిపోతారు. వాళ్ళ చదువు వాళ్ళది, కాదనను. ఫైలు ఉంది కాబట్టి, పాత సిస్టరు ఉంది కాబట్టి నడుస్తోంది. ఆ సిస్టరు జీతం పెంచి ఆమెను కాపాడుకోవాలి, డాక్టరు కంటే ఆమె పోతేనే ఈ చోటు దెబ్బతింటుంది.

పెద్ద దవాఖానాకు చీటీ రాసిచ్చినప్పుడు వెంట మనిషి రాకపోతే ఆ చీటీ ఉత్త కాగితమే. ఒకచోట నా చీటీ చూడకుండానే మళ్ళీ మొదటి నుంచి లైను కట్టించారు, పొద్దుటి నుంచి అన్నం లేకుండా నిలబడి కళ్ళు తిరిగాయి. మనిషిని పంపే రోజులు ట్రస్టులో వారానికి రెండే. అవి పెంచాలి.

డబ్బు ఆడని కాలం కూడా చూశాం. ఒకసారి మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షను చాలాకాలం ఆపేశారు. వేలికి గుచ్చి చూసేది ఆ పూట సంగతి మాత్రమే చెబుతుంది, గడచిన కాలమంతా ఎలా ఉందో హెచ్‌బీఏ1సీ చెప్పాలి. అది లేకుండా మందు పెంచాలా తగ్గించాలా అని డాక్టర్లూ తడబడ్డారు.

పరదా సంగతి ముందే చెప్పాను. తాత తిండి గురించి నేను వినగలిగానంటే, తెల్లబట్ట గురించి ఆడపిల్ల చెప్పేదీ బెంచీ మీద మగవాళ్ళకు వినపడుతుందనే కదా. లేడీ డాక్టరు గురువారం వస్తారు. ఆ రోజైనా లోపలి స్టోరు గది ఖాళీ చేసి ఇవ్వమని మేము ఆడవాళ్ళం కొందరం కలిసి అడిగాం. ఒప్పుకున్నారు కానీ ఇంకా జరగలేదు.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఫొటోలు. విరాళం ఇచ్చినవాళ్ళు వస్తారు, మందుల సంచీ ఒక చివర వాళ్ళు, ఇంకో చివర రోగి పట్టుకుని నిలబడాలి. వద్దన్నవాళ్ళను బలవంతం చేయరు, కానీ వచ్చే నెల మందులు ఇదే కిటికీలో తీసుకోవాలి కాబట్టి ఎవరూ వద్దనరు. మోండా మార్కెట్ ఆయన టీబీ గురించి ఊళ్ళో ఇంకా చెప్పలేదు. ఆయన ముఖం ఫోనుల్లో తిరిగితే ఎవరు జవాబు చెప్పాలి? అల్మారా ఫొటో తీయండి, మందుల బిల్లు ఫొటో తీయండి, రోగి ముఖం వదిలేయండి.

కొత్తగా పోయేవాళ్ళకు: పొద్దున తొమ్మిదికి తెరుస్తారు, ఒంటిగంట దాకా చూస్తారు, ఆదివారం సెలవు. ఎనిమిదిన్నరకల్లా ఉంటే ముందు టోకెన్లు దొరుకుతాయి. పాత చీటీలు, ఖాళీ అట్టలు తీసుకుపోండి. పరగడుపు రక్తం ఇచ్చాక తినడానికి ఒక రొట్టె సంచిలో ఉంచుకోండి. పళ్ళకు ఇక్కడ డాక్టరు లేరు, కళ్ళకు మెహదీపట్నం సరోజినీ దేవికి రాస్తారు. అడ్డా మీద నిలబడే కూలీలకు ఈ వేళలు కుదరవు, పొద్దున ఇక్కడికొస్తే ఆ రోజు కూలి పోయినట్టే. వారానికి రెండు సాయంత్రాలైనా తెరవాలని నా మాటగా రాసి పెట్టెలో వేశాను, మీరూ వేయండి. సాయం చేయాలనుకుంటే పాత బట్టలు తేవద్దు, చాలా ఉన్నాయి. షుగరు చూసే స్ట్రిప్పులు కొనివ్వండి, వాళ్ళ మిషన్‌కు సరిపోయే రకం ఏదో కిటికీ దగ్గర అడిగి, గడువు తేదీ చూసి తీసుకోండి.