జామెట్రీ బాక్సులో మూడు వేలు

ఈసారి తిరుపతికి మూడు వేలతో పోయి రావాల్సిందేనని మా అత్త పట్టుబట్టింది. ఇద్దరం, రెండు రాత్రులు. మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొనేశాను కాబట్టి అవి ఈ లెక్కలోకి రావు. డబ్బంతా ఆమె చేతిలోనే. మా అబ్బాయి పదో తరగతితో వదిలేసిన జామెట్రీ బాక్సులో పెట్టుకుంది. రూపాయి బయటికి రావాలంటే ఆ మూత కిర్రుమనాల్సిందే.

కార్తీకంలో ఒక మంగళవారం పొద్దున కడపలో ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాం. ఆధార్ చూపిస్తే కండక్టరు రెండు జీరో టికెట్లు చేతిలో పెట్టాడు. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం 2025 ఆగస్టు 15న మొదలైంది కానీ అది పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి వాటిలోనే. సీటు మెత్తగా ఉందని సూపర్ లగ్జరీ ఎక్కితే టికెట్ కొనాల్సిందే. రాజంపేట, కోడూరు మీదుగా తిరుపతి చేరేసరికి పది దాటింది.

తప్పు చేసింది నేనే. బస్టాండు దగ్గరే దేవస్థానం వాళ్ల శ్రీనివాసం ఉంది. అక్కడ గదుల కోసం ఉన్న క్యూ చూడగానే నాకు ఓపిక చచ్చిపోయి, పక్క సందులో ఒక లాడ్జికి తీసుకెళ్లాను. పన్నెండు వందలు. నోటితో ఇరవై నాలుగు గంటలన్నారు. డబ్బు కట్టాక రశీదు చూస్తే పొద్దున తొమ్మిదికి ఖాళీ చేయాలని ఉంది. అడిగితే "అది రూలు మేడమ్" అన్నాడు కౌంటర్లో కుర్రాడు, ఫోన్లోంచి తలెత్తకుండా. వేడినీళ్లు బకెట్ ఇరవై. దిండు గలీబు మీద ఎవరిదో తలనూనె మరక. అత్త తన చీర ఒకటి మడత పెట్టి ఆ దిండు మీద పరుచుకుని పడుకుంది. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

తిండికి మాత్రం ఇబ్బంది పడలేదు. అన్న క్యాంటీన్లో టిఫినైనా భోజనమైనా ఐదు రూపాయలే. సాంబారు కాస్త పలుచన, అన్నం వేడివేడిగా ఉంది. ఆలస్యంగా పోతే అయిపోతుంది, అంతే. ఒకసారి అలా పోయి బయట రెండు దోసెలు తిన్నాం. ఆ బిల్లుతో మూత రెండుసార్లు కిర్రుమంది.

జూకు మంగళవారం సెలవు, కాబట్టి సాయంత్రం గోవిందరాజస్వామి గుడికి నడిచే వెళ్లాం. రైల్వే స్టేషన్‌కు అంత దగ్గరలో ఉన్నా రైలు దిగి నేరుగా కొండెక్కేవాళ్లు చాలామంది ఈ గుడి చూడరు. స్వామి పడుకుని ఉంటాడు, తలకింద కుంచం. తమ్ముడు వేంకటేశ్వరుడి పెళ్లికి తెచ్చిన అప్పు లెక్క చూసే పని ఈయనదట. కొలిచి కొలిచి అలిసిపోయి ఆ కుంచమే తలగడగా పెట్టుకున్నాడంటారు. "ఈయన నా బాధ తెలిసినోడు," అంది అత్త డబ్బా ఉన్న సంచిని తడుముకుంటూ. అక్కడినుంచి సిటీ బస్సులో కపిలతీర్థం. వానలు పడి జలపాతం గట్టిగా దూకుతోంది, పుష్కరిణిలోకి ఎవరినీ దిగనివ్వలేదు. గట్టు మీద దీపాలు పెడుతుంటే తుంపర వచ్చి ఆర్పేస్తోంది. అత్త మూడుసార్లు వెలిగించి, నాలుగోసారి చెయ్యి అడ్డం పెట్టి అలాగే కూర్చుంది. టికెట్టూ లేదు, తొందరా లేదు. మొత్తం మీద నాకు బాగా నచ్చిన గంట అదే.

బుధవారం సంచులు బస్టాండు క్లోక్ రూములో పెట్టి చంద్రగిరి పోయాం. పది పన్నెండు కిలోమీటర్లే, బస్సులు చాలా ఉన్నాయి. ఊళ్లో దిగగానే "కోటకేనా అక్కా, రాండి, నూటయాభై" అన్నాడు ఆటో ఆయన. బేరమాడి ఎనభైకి ఒప్పించాం, తిరుగు ప్రయాణం నడిచాం. అత్త మోకాళ్లు దాని పగ రాత్రికి తీర్చుకున్నాయి. రాజమహల్ మూడంతస్తులు, కట్టడంలో కలప లేదు. అంతా రాయి, ఇటుక, సున్నం. లోపల మ్యూజియం. శుక్రవారం దానికి సెలవు, చూసుకుని పోండి. 1639లో మద్రాసు నేల ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన రాతకోతలు ఈ మహల్లోనే జరిగాయని చెబుతారు. అది వినగానే "అయితే మద్రాసుకు పత్రం రాసింది ఈడనా? మనకు మిగిలింది ఈ చెట్లేనా?" అంది అత్త. ఇద్దరి టికెట్లూ కలిపినా ఆ దోసెల బిల్లంత కాలేదు. పెద్ద పచ్చిక, వెనక బండకొండ, జనం తక్కువ. రాణిమహల్ ముందు రెండు గంటలు ఊరికే కూర్చున్నాం.

సాయంత్రం కొండ బస్సు ఎక్కి అలవాటుగా ఆధార్ తీశాం. "కొండకు టికెట్ ఉందమ్మా," అన్నాడు కండక్టరు. అత్త నావైపు చూసింది, ఆ రూలు నేనే పెట్టినట్టు.

పైన గదికి పేరు నమోదు చేసి ఎదురుచూడటం కంటే యాత్రికుల వసతి సముదాయం మేలనుకున్నాం. పెద్ద హాలు, లాకరు ఉచితం. ఇంటి నుంచి తెచ్చుకున్న తాళంకప్ప అక్కరకొచ్చింది. నేల శుభ్రంగా ఉంది. నిద్ర మాత్రం అంతంతే. లైట్లు ఆర్పరు, పిల్లల ఏడుపులు, తప్పిపోయినవాళ్ల కోసం మైకులో పిలుపులు. అయినా ఆ లాడ్జి దిండుతో పోలిస్తే నాకు ఇదే నయం. పక్క చాప మీద పడుకున్న అనంతపురం ఆమెతో అత్త పన్నెండింటిదాకా ముచ్చట్లాడింది.

రాత్రి భోజనం వెంగమాంబ అన్నప్రసాద భవనంలో. 1985లో మొదలైన నిత్యాన్నదానం ఇది. వెయ్యి మంది పట్టే హాల్లో అందరూ కూర్చున్నాక వడ్డన మొదలైంది. చక్కెర పొంగలి, కూర, సాంబారు, రసం, మజ్జిగ. రసం రెండోసారి అడిగితే విసుక్కోకుండా పోశారు.

గురువారం దర్శనం గురించి రాయడానికేం లేదు. క్యూలో మూడు గంటలు, స్వామి ముందు మూడు క్షణాలు. లడ్డు మనిషికొకటి ఉచితం, పైన యాభై చొప్పున నాలుగు కొన్నాం. శిలాతోరణం చూశాం, బాగుంది, పది నిమిషాలు చాలు. కొండ దిగి తిరుచానూరుకు మళ్లీ జీరో టికెట్టే. పద్మసరోవరం మెట్ల మీద కాళ్లు కడుక్కుని, అమ్మవారిని చూసుకుని బస్టాండుకొచ్చేశాం.

కడప బస్సులో అత్త డబ్బా తెరిచి లెక్క చూసింది. లాడ్జి, వేడినీళ్లు, ఆటోలు కలిపి పదహారు వందల ఇరవై. మిగతా అన్నీ కలిపితే తొమ్మిది వందల పది. చేతిలో నాలుగు వందల డెబ్బై.

"మళ్లీసారి క్యూలో నేను నిలబడతా, నువ్వు సంచుల దగ్గర కూర్చో," అంది. తర్వాత మూత వేయకుండానే కిటికీలోంచి చూస్తూ, "కోడూర్లో బస్సు ఆపుతాడు కదా, బొప్పాయిలు తీసుకుందాం," అంది.