12.9 వోల్టులు చూసి విమానం బ్యాటరీ కొనకండి, నాలా ఇరుక్కుంటారు

చిన్న విమానానికి బ్యాటరీ కొనబోతున్నవాళ్లు ఎవరైనా ఉంటే డబ్బు కట్టే ముందు ఇది పూర్తిగా చదవండి. "కొత్తది, ప్యాకింగ్ కూడా విప్పలేదు" అని మాకు అంటగట్టిన బ్యాటరీ మొదటి చలికే చేతులెత్తేసింది. డబ్బు పోతే పోయింది, ఆ బ్యాటరీతోనే గాల్లోకి వెళ్లబోయి ఆఖరి నిమిషంలో ఆగాం, నా బాధంతా అదీ.

మాది నాలుగు సిలిండర్ల ఇంజిన్, కార్బ్యురేటర్ ఉన్నది, 12 వోల్టుల బ్యాటరీ. ఇద్దరం కలిసి కొనుక్కుని నడుపుకుంటున్నాం. అమ్మినాయన మా ముందే మల్టీమీటర్ పెట్టి 12.9 చూపించాడు, ఇంకేం కావాలి అనుకుని తెచ్చేసుకున్నాం. ఎండ ఉన్నన్నాళ్లూ ఏ గొడవా లేదు, తాళం తిప్పగానే ప్రొపెల్లర్ రెండు మూడుసార్లు తిరిగేలోపే ఇంజిన్ అందుకునేది.

ఆ తర్వాత ఒక రాత్రి విమానం బయటే ఉండిపోయింది. తెల్లారేసరికి మైనస్ 5 డిగ్రీలు. డిప్‌స్టిక్ బయటికి లాగితే కొసన ఆయిల్ బొట్టు తేనెలా వేలాడుతోంది తప్ప కిందికి జారడం లేదు. మాస్టర్ స్విచ్ వేశాను, లైట్లు బాగానే వెలిగాయి, రేడియో వచ్చింది. తాళం తిప్పాను. ప్రొపెల్లర్ ఒక సిలిండర్ కంప్రెషన్ (గాలిని నొక్కే బరువైన చోటు) దాటింది, రెండోదాని మీదికి మెల్లగా ఎక్కుతూ ఎక్కుతూ సగంలో ఆగి, కొంచెం వెనక్కి వచ్చి నిలబడిపోయింది. రెండోసారి తిప్పితే అదీ లేదు, ముందు నుంచి టకటకటకమని చప్పుడు, దానితో పాటే ప్యానెల్ లైట్లు ఆరుతూ వెలుగుతూ.

ఆ చప్పుడు వినబడితే వెంటనే తాళం వదిలేయండి. స్టార్టర్ కరెంటు లాగగానే వోల్టేజీ పడిపోతుంది, స్టార్టర్‌కి కరెంటు కలిపే పెద్ద స్విచ్ ఉంటుంది కదా, ఆ కాంటాక్టర్ కాయిల్‌కి పట్టుకునే బలం లేక వదిలేస్తుంది, వదిలేయగానే వోల్టేజీ మళ్లీ లేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. సెకనుకి ఇలా ఎన్నోసార్లు. వందల ఆంపియర్లు పోయే చోట ప్రతిసారీ నిప్పురవ్వ పుడుతుంది. ఒక్కోసారి ఆ కాంటాక్టులు అతుక్కుపోతాయి, అప్పుడు మీరు తాళం వదిలేసినా స్టార్టర్ తిరుగుతూనే ఉంటుంది, ప్రొపెల్లర్ దగ్గర ఎవరైనా ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

మా పార్ట్‌నర్ దిగి "చేత్తో రెండుసార్లు తిప్పి వదులు చేస్తాను" అన్నాడు, వద్దని ఆపాను. ఇంజిన్‌కి స్పార్క్ ఇచ్చే మాగ్నెటోకి బ్యాటరీతో పని లేదు, తన కరెంటు తనే పుట్టించుకుంటుంది. స్విచ్ నుంచి వచ్చే ఎర్త్ తీగ ఎక్కడైనా తెగి ఉంటే తాళం ఆఫ్‌లో ఉన్నా స్పార్క్ వస్తుంది. పైగా ఇంపల్స్ కప్లింగ్ ఉన్న మాగ్నెటో నెమ్మదిగా తిప్పినా గట్టి స్పార్కే ఇస్తుంది, దాన్ని పెట్టిందే అందుకు. చేత్తో స్టార్ట్ చేయడం నేర్చుకున్నవాళ్లు, చక్రాలు కట్టేసి, లోపల బ్రేకు మీద తెలిసిన మనిషిని కూర్చోబెట్టి చేసే పని అది. చలికి వేళ్లు కొంకర్లు పోతుండగా అప్పటికప్పుడు చేసేది కాదు.

నన్ను ఇప్పటికీ భయపెట్టే సంగతి ఇంకోటి ఉంది. చలిలో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు కాబట్టి ప్రైమర్ (స్టార్ట్‌కి ముందు ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే చిన్న పంపు) ఎక్కువ కొడతాం, నేనూ కొట్టాను. ఎక్కువైన పెట్రోలు గాలి లోపలికి వెళ్లే ఇన్‌టేక్‌లో చేరి, ఇంజిన్ వెనక్కి తన్నితే అక్కడ మంట అంటుకోవచ్చు. దానికి మనకి నేర్పే మొదటి మందు ఏంటి? స్టార్టర్ వదలకుండా తిప్పుతూ ఉండు, ఇంజిన్ ఆ మంటని లోపలికి లాగేసుకుంటుంది అని. మరి తిప్పడానికి బ్యాటరీలో ప్రాణం లేకపోతే? ఆ మందే చేతిలో ఉండదు. బ్యాటరీ వీక్‌గా ఉందని తెలిసిన రోజున ప్రైమర్ మీద ప్రైమర్ కొట్టకండి, దయచేసి.

చివరికి తెలిసినాయన బయటి నుంచి కరెంటు ఇచ్చే జంప్ ప్యాక్ తెచ్చి తగిలిస్తే ఇంజిన్ లేచింది. ఆమ్మీటర్ ముల్లు ఛార్జింగ్ వైపు ఆ చివరికి పోయి అక్కడే కూర్చుంది. "స్టార్ట్ అయింది కదా, పోతూ ఉంటే అదే ఛార్జ్ అవుతుంది" అన్నాడు పార్ట్‌నర్. నిజం చెప్పాలంటే నేనూ బ్రేకు వదలబోయాను. ముల్లు ఎంతకీ దిగకపోవడం చూసి టెన్షన్ పట్టుకుని, పదిహేను నిమిషాలు అక్కడే నడిపి, ఆపి, మళ్లీ తాళం తిప్పాను. అదే టకటకటక.

2007 మార్చిలో జర్మనీలోని స్పేయర్‌లో ఏం జరిగిందో చాలామందికి తెలిసే ఉంటుంది. డైమండ్ డీఏ42, రెండు డీజిల్ ఇంజిన్లది, బ్యాటరీ అయిపోతే బయటి కరెంటుతో రెండు ఇంజిన్లూ స్టార్ట్ చేసి టేకాఫ్ అయ్యారు. చక్రాలు పైకి తీయగానే వోల్టేజీ పడిపోయింది, ఇంజిన్లని నడిపే కంప్యూటర్లు ఒక్క క్షణం ఆగాయి, రెండు ఇంజిన్లూ ఒకేసారి పోయాయి. మా దాంట్లో మాగ్నెటోలు ఉన్నాయి కాబట్టి ఇంజిన్ ఆగకపోవచ్చు, కానీ ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ పోతే మిగిలేది బ్యాటరీ ఒక్కటే కదా, అది ఉత్త డబ్బా అయితే రేడియో లేదు, లైట్లు లేవు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేయించుకున్నవాళ్లయితే అలాంటి బ్యాటరీతో ఎగరాలన్న ఆలోచనే చేయకండి.

బ్యాటరీ విప్పి మెకానిక్‌కి ఇచ్చాం. ఆయన దాన్ని పూర్తిగా ఛార్జ్ చేసి, కాసేపు వదిలేసి, కెపాసిటీ టెస్ట్ పెట్టాడు. అంటే బ్యాటరీ మీద రాసి ఉన్న ఒక గంట రేటు (గంటసేపు ఇవ్వగల కరెంటు) ఎంతో అంత లోడు పెట్టి, 10 వోల్టులకి పడేదాకా ఎన్ని నిమిషాలు ఆగుతుందో చూడటం. మంచిది గంట దాకా రావాలి, 80 శాతం కంటే తక్కువైతే, అంటే 48 నిమిషాలు ఆగకపోతే, విమానంలో పెట్టకూడదని మా బ్యాటరీ మాన్యువల్‌లోనే ఉంది. మాది 26 నిమిషాలకి పడిపోయింది. విచిత్రం ఏంటంటే టెస్ట్‌కి ముందు దాని వోల్టేజీ అదే 12.9.

నేను ఇన్నేళ్లుగా తప్పుగా అనుకున్నది ఇక్కడే. గ్లాసులోనూ గంగాళంలోనూ నీళ్లు ఒకే ఎత్తున ఉండొచ్చు, ఎత్తు చూసి నీళ్లెన్నో చెప్పగలమా? వోల్టేజీ ఎత్తు మాత్రమే. వాడకుండా పడి ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ తనంతట తనే దిగిపోతూ ఉంటుంది, మూడు నాలుగు నెలలకోసారైనా ఛార్జ్ పెట్టకపోతే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి గంగాళం కాస్తా గ్లాసు అవుతుంది. తర్వాత ఎంత ఛార్జ్ పెట్టినా ఎత్తు వస్తుంది, నీళ్లు రావు. మా బ్యాటరీ పక్కన చెక్కిన తేదీ కోడ్‌ని మెకానిక్ చదివి చెప్పాడు, మేం కొనేనాటికే దానికి రెండేళ్లు దాటాయి. అన్నాళ్లూ ఎక్కడో అరలో పడి ఉంది.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే "చలికి ఏ బ్యాటరీ అయినా అంతేనండీ" అన్నాడు. ఇందులో సగం నిజం ఉంది, అందుకే చాలామంది నోరు మూసుకుంటారు. మంచి బ్యాటరీ కూడా సున్నా డిగ్రీల దగ్గర ఓ ఇరవై శాతం తగ్గుతుంది, మైనస్ 18 దగ్గర దాదాపు సగానికి పడిపోతుంది, అదే సమయంలో ఆయిల్ చిక్కబడి ఇంజిన్ ఎక్కువ బలం అడుగుతుంది. కానీ నిండుగా ఉన్న బ్యాటరీకి ఆ తగ్గుదల పోయినా చాలినంత మిగులుతుంది. 26 నిమిషాలు వచ్చింది గది వెచ్చదనంలో అండీ, దానికి చలితో సంబంధమే లేదు. ఆ టెస్ట్ కాగితం పంపాక "మీ ఛార్జరే పాడు చేసింది" అన్నాడు. ఆ తర్వాత వారంటీ తయారైన తేదీ నుంచి లెక్క అన్నాడు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఇంజిన్ బద్ధకంగా తిరిగిన ప్రతిసారీ తప్పు బ్యాటరీదే కాదు. పాత పైపర్ చెరొకీ విమానాల్లో వెనక నుంచి ముందుదాకా అల్యూమినియం కేబుల్ ఉంటుంది, దాని చివర్లు పాడై సగం బలం దార్లోనే పోతుంది. అందుకే గొడవకి దిగే ముందు స్టార్టర్ తిప్పుతుండగా సరిగ్గా బ్యాటరీ పోస్టుల (కేబుళ్లు బిగించే మొనల) మీదే మీటర్ పెట్టి చూడండి. మాకు అక్కడే 7 వోల్టులకి పడింది. పోస్టుల దగ్గర 10 నిలబడి స్టార్టర్ దగ్గర బాగా తక్కువ వస్తుంటే మాత్రం కేబుళ్లు, ఎర్త్ పట్టీ చూడండి, ఎవరినీ అనకండి.

కొనేటప్పుడు ముందు తేదీ కోడ్ చూడండి, అదెలా చదవాలో తయారీ కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది. చివరిసారి ఛార్జ్ ఎప్పుడు పెట్టారో రాతలో అడగండి, నోటి మాట వద్దు. కెపాసిటీ టెస్ట్ కాగితం ఇవ్వమనండి, లేదంటే మీ మెకానిక్ చేత చేయించి పాసైతేనే ఉంచుకుంటామని బిల్లు మీదే రాయించండి. దీనికి ఒప్పుకోనివాడి దగ్గర కొనొద్దు. వాడిన విమానం కొనేవాళ్లు ఇంకో సంగతి కూడా చూసుకోవాలి, మీరు వెళ్లేసరికే ఇంజిన్ వెచ్చగా ఉంటే అప్పటికే ఎవరో స్టార్ట్ చేశారన్నమాట, రాత్రంతా ఛార్జర్ కూడా పెట్టి ఉండొచ్చు. ముందు చెప్పకుండా పొద్దున్నే వెళ్లి, చల్లటి ఇంజిన్ మీద మీ కళ్లముందు తిప్పించండి.

ఇప్పటికే ఇలాంటిది కొనేసి ఉంటే చలి ముదిరేదాకా ఆగకండి, ఈ వారమే టెస్ట్ చేయించండి. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ మైనస్ 7 దగ్గరే గడ్డకట్టగలదు, అలా గడ్డకట్టినదానికి ఛార్జర్ గానీ జంప్ ప్యాక్ గానీ పెట్టారంటే పగలొచ్చు, పక్కన నిలబడ్డవాళ్ల కళ్లు పోతాయి. డబ్బా పక్కలు ఉబ్బినట్టు కనిపిస్తే ముట్టుకోకుండా మెకానిక్‌ని పిలవండి.