పోస్టు ఎత్తేయడమా, పని మార్చడమా: ఏది మేలు?

కొత్త పోర్టల్ వచ్చినప్పుడల్లా సర్కారు ముందు రెండు దారులుంటాయి: ఆ పని చేసే ఉద్యోగి పోస్టునే ఎత్తేయడం, లేదా అతనికి వేరే పని నేర్పడం. మొదటిది తెలంగాణ చేసి చూసింది. రెండోది ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ చేస్తోంది.

2020 సెప్టెంబరులో తెలంగాణ చట్టం చేసి మరీ వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) పోస్టులను రద్దు చేసింది. అక్టోబరు 29న భూరికార్డుల పోర్టల్ ధరణి మొదలైంది. వీఆర్వోల మీద లంచాల ఆరోపణలు ఊరికే రాలేదు, పాసుబుక్కు కోసం తిరిగి విసిగిన రైతుల కోపం న్యాయమైనదే. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) ఒకే రోజు అయిపోవడం కూడా మంచి మార్పే. చిక్కంతా రికార్డు తప్పుగా ఉన్నచోటే వచ్చింది. నాలుగు గుంటలు తక్కువ పడినా, పట్టా భూమి అమ్మకాలు నిషేధించిన జాబితాలోకి ఎక్కినా, చాలాకాలం కలెక్టరు దాకా అర్జీ పోవాల్సి వచ్చింది. ఫౌతి (చనిపోయినవారి భూమిని వారసుల పేరిట మార్చడం) సంగతే చూడండి. చనిపోయిన రైతుకు వారసులెంతమంది, అత్తారింటికి వెళ్లిన కూతురి పేరు కలిపారా, పొలం ఎవరి సాగులో ఉంది? ఇవన్నీ ఊళ్లో తిరిగే మనిషికి తెలుస్తాయి గానీ స్లాట్ బుకింగ్‌కు తెలియవు. ఆ తెలిసిన మనుషులనేమో 2022లో లాటరీ తీసి వేరే శాఖలకు పంపారు. చివరికి ధరణి స్థానంలో భూభారతి చట్టం వచ్చాక, 2025 సెప్టెంబరులో సుమారు 5 వేల మందిని గ్రామ పాలనాధికారులుగా మళ్లీ పెట్టుకోవాల్సి వచ్చింది. వాళ్లు పాత వీఆర్వోలు, వీఆర్ఏలే (గ్రామ రెవెన్యూ సహాయకులు)! మధ్యలో నలిగింది రైతు.

ఆంధ్రలో 2019లో గ్రామ, వార్డు సచివాలయాలతో లక్షకు పైగా కొత్త ఉద్యోగాలొచ్చాయి. 2025 జనవరి 30న సర్కారు ‘మన మిత్ర’ ద్వారా 161 సేవలు వాట్సాప్‌లోకి ఎక్కాయి. కౌంటరు దగ్గర పని తగ్గుతుంది కాబట్టి, జనాభాను బట్టి సిబ్బందిని సర్ది, మిగిలినవాళ్లను ఇతర శాఖల్లో వాడుకోవాలని చూస్తున్నారు. ఇక్కడా టెన్షన్ లేకపోలేదు: ప్రమోషన్ దారి తెలియదు, ఇంటింటి సర్వేలన్నీ నెత్తిన పడుతున్నాయన్నది సిబ్బంది గోడు.

అయినా నా ఓటు రెండోదానికే. ఆదాయ ధ్రువపత్రానికి అర్జీ ఫోన్‌లో పెట్టినా, విచారణ చేయాల్సింది మనిషే. డేటా ఎంట్రీ పోస్టులు రిటైర్మెంట్లతో తగ్గితే తగ్గనివ్వండి. విచారణ, సర్వే, ఏఎన్ఎం (ఆరోగ్య కార్యకర్త) పోస్టుల జోలికి మాత్రం పోవద్దు. ఎవరికి ఏ పని, ఎన్నాళ్ల శిక్షణ అన్నది పోర్టల్ తెచ్చే జీవోలోనే రాసి ఉండాలి.