‘పది అంటే పదే’ అన్నవాడే వెనక్కి తీసుకోలేదు: ఊరూపేరూ లేని స్లాబులతో జాగ్రత్త

డాలస్ చుట్టుపక్కల కార్డు షోలకి (పోకేమాన్, బేస్‌బాల్ కార్డులు కొని అమ్మే సంతలకి) వెళ్లే మనవాళ్లకి ఆ టేబుల్ ఎవరిదో చెప్పక్కర్లేదు. పేరు రాయను. తెలుగులో పలకరిస్తాడు, కాఫీ ఇప్పిస్తాడు, వాట్సాప్‌లో పోకేమాన్ ఫోటోలు పెడుతూనే ఉంటాడు. ఆయనే.

నేను కొన్నది 1999 బేస్ సెట్ పోకేమాన్ కార్డు చారిజార్డ్, అన్‌లిమిటెడ్ (ఫస్ట్ ఎడిషన్ తర్వాతి ముద్రణ). స్లాబు (గ్రేడింగ్ కంపెనీ కార్డు నాణ్యతకి పదికి మార్కు వేసి సీలు చేసే ప్లాస్టిక్ డబ్బా) మీద ‘జెమ్ మింట్ 10’ అని బంగారు రంగులో రాసి ఉంది. గ్రేడ్ చేసిన కంపెనీ పేరు నేనెప్పుడూ వినలేదు. ఇది పీఎస్ఏ (అందరూ నమ్మే పెద్ద గ్రేడింగ్ కంపెనీ) కాదు కదా అని అడిగితే, “అన్నా, పది అంటే పదే. డబ్బా మీద పేరు కోసం వేలు తగలేస్తారా? కార్డు కొంటున్నారా, ప్లాస్టిక్ కొంటున్నారా?” అన్నాడు. ఆ డైలాగ్‌కి 900 డాలర్లు ఇచ్చాను. అదే కార్డు పీఎస్ఏ 10లో దీనికి ఎన్నో రెట్లు పలుకుతుంది కాబట్టి నేనే అతన్ని బుట్టలో వేశాననుకుని కారులో ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను కూడా. అబ్బో, ఏం తెలివి!

మొన్న శనివారం అదే టేబుల్‌కి వెళ్లాను. ఇదిచ్చి, పైన కొంత వేసి వేరే కార్డు తీసుకుందామని. మా అబ్బాయి కూడా పక్కనే ఉన్నాడు. స్లాబు చేతికిచ్చాను. కార్డు వైపు చూడలేదండీ! లేబుల్ చదివి, రెండు వేళ్లతో నా ముందుకి తోసేశాడు.

“ఈ కంపెనీవి మేం తీసుకోం సర్.”

“మీరే కదా నాకు అమ్మింది?”

“అమ్మి ఉండొచ్చు. మార్కెట్ లేదు సర్ దీనికి. రా కార్డు కింద, అంటే గ్రేడ్ లేనట్టు లెక్కేస్తే 250 ఇస్తా.”

“మరి పది అంటే పదే అన్నారు?”

నవ్వాడు. “బాబు ఉన్నాడుగా, ఆడుకోమనండి” అనేసి పక్క కస్టమర్ వైపు తిరిగి, “చెప్పండన్నా” అని మొదలుపెట్టాడు. అతని గాజు పెట్టెలో చూశాను. ఖరీదైనవన్నీ పీఎస్ఏ ఎర్ర లేబుళ్లే. నాకంటగట్టిన కంపెనీది ఒక్కటీ లేదు. మరి ఆయనెందుకు కొంటున్నాడో ప్లాస్టిక్?

ఇంటికొచ్చి ఫోన్ టార్చ్ వేసి చూస్తే హోలో (మెరిసే బొమ్మ) మీద గీతలు, వెనక అంచుల్లో తెల్లటి చుక్కలు. పదట పది.

పెద్ద కంపెనీలు మాత్రం తప్పు చేయవా అంటే, చేశాయి. పీఎస్ఏ మొట్టమొదట గ్రేడ్ చేసిన హోనస్ వాగ్నర్ టీ206 కార్డుకి (పాతకాలపు అరుదైన బేస్‌బాల్ కార్డు) 8 ఇచ్చారు. దాని అంచులు కత్తిరించింది తనేనని డీలర్ బిల్ మాస్ట్రో 2013లో కోర్టు కేసులో ఒప్పుకున్నాడు. అయినా జనం అక్కడికే పోతారు. ఎందుకంటే సర్టిఫికెట్ నంబరు కొడితే వివరాలు వస్తాయి, ఆ గ్రేడ్‌లో ఎన్ని కార్డులున్నాయో వాళ్ల లెక్కల పట్టీ పాప్ రిపోర్ట్‌లో ఉంటుంది, గ్రేడ్ తప్పని తేలితే షరతులతో అయినా డబ్బు కట్టే గ్యారంటీ ఉంది. వాళ్ల రిజిస్ట్రీలో (కలెక్టర్లు తమ సెట్లు పెట్టి పోటీపడే జాబితాలో) సెట్లు నింపేవాళ్లు ఇంకొకరి స్లాబు ముట్టుకోరు. అంటే రేపు అమ్మబోతే కొనేవాడు సిద్ధంగా ఉంటాడు. అసలు విషయం అదీ.

అలాగని పీఎస్ఏ ఒక్కటే అనను. మన ప్లేనోలో ఉన్న బెకెట్ అనే గ్రేడింగ్ కంపెనీ సెంటరింగ్ (బొమ్మ మధ్యలో ఉందా లేదా), మూలలు, అంచులు, సర్ఫేస్‌కి విడివిడిగా మార్కులిస్తుంది. నాలుగూ పది వస్తే బ్లాక్ లేబుల్, దానికోసం పీఎస్ఏ 10 కంటే ఎక్కువ పెట్టేవాళ్లున్నారు. పాత బేస్‌బాల్ కార్డులకి ఎస్‌జీసీ అనే మరో కంపెనీ నల్ల స్లాబంటే గౌరవం. 2022లో 1.26 కోట్ల డాలర్లు పలికిన 1952 టాప్స్ కంపెనీ మికీ మాంటిల్ బేస్‌బాల్ కార్డు ఉన్నది వాళ్ల స్లాబులోనే, గ్రేడ్ 9.5. ఇంకో కంపెనీ సీజీసీ కార్డుల్లోకి 2020లోనే వచ్చినా కామిక్స్ గ్రేడింగ్‌లో అప్పటికే పేరుంది. నాది మాత్రం హాల్‌మార్క్ లేని గొలుసు లాంటిది, కొనేటప్పుడే బంగారం. 2021 మార్చిలో పీఎస్ఏ పని పేరుకుపోయి చాలా సర్వీసులు ఆపేసింది చూడండి, అప్పట్నుంచి ప్రింటరూ నాలుగు డబ్బాలూ ఉన్నవాడల్లా గ్రేడరే.

సరే, కొనేవాళ్లకి రెండు మాటలు. అడిగే రేట్లు కాదు, ఈబేలో ఆ కంపెనీ స్లాబులు నిజంగా ఎంతకి అమ్ముడయ్యాయో చూడండి. అమ్మేవాణ్ణి, “రేపు నేను తెస్తే ఎంతకి తీసుకుంటావ్?” అని మెసేజ్‌లో అడిగి, జవాబు వచ్చాకే డబ్బు తీయండి. ఆయన నిన్న రాత్రి వాట్సాప్‌లో అదే కంపెనీ స్లాబులో ఇంకో పోకేమాన్ కార్డు, బ్లాస్టాయిస్ 10 ఒకటి పెట్టాడు, 400 అట. కింద ఇద్దరు ‘ఇంటరెస్టెడ్’ అని రాశారు. ఆ ఇద్దరూ ఇది చదువుతుంటే నాకు ఫోన్ చేయండి, స్లాబు చూపిస్తాను.