లిమాలో మూడు మధ్యాహ్నాలు, ఒకే హోటల్ భోజనం: అమ్మతో మా పెరూ ట్రిప్

పెరూ వెళ్తున్నాం అనగానే అందరూ మాచు పిచ్చు గురించే అడుగుతారు, దాని గురించి రాసినవాళ్లు బోలెడుమంది ఉన్నారు కాబట్టి నేను లిమా గురించే రాస్తా. అందులోనూ ఎక్కువ భాగం లిన్సే అనే పేటలో మేం మూడు రోజులు వరసగా తిన్న ఒక చిన్న హోటల్ గురించే. ఎందుకంటే నాన్‌వెజ్ ముట్టని, గుడ్డు కూడా తినని 67 ఏళ్ల మా అమ్మని తీసుకుని అక్కడికి వెళ్లేముందు నాకున్న భయమంతా తిండి గురించే, ఆ భయం పోయింది ఆ హోటల్లోనే.

మేం ఉండేది హ్యూస్టన్‌లో. నేను, మా ఆయన, మమ్మల్ని చూడ్డానికి తెనాలి నుంచి వచ్చిన అమ్మ. హ్యూస్టన్ నుంచి లిమాకి డైరెక్ట్ ఫ్లైట్ ఉంది, ఏడు గంటల లోపే. యూఎస్ వీసా ఇంకా ఆరు నెలలకి పైగా ఉంటే ఇండియన్ పాస్‌పోర్ట్ వాళ్లకి పెరూకి విడిగా టూరిస్ట్ వీసా అక్కర్లేదు, అయినా రూల్స్ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు ఒకసారి కాన్సులేట్ సైట్ చూసుకోండి. వెళ్లింది 2025 ఆగస్టులో. ఎయిర్‌పోర్ట్ కొత్త టెర్మినల్ ఆ జూన్‌లోనే మొదలైంది, విశాలంగా శుభ్రంగా ఉంది, అమ్మకి వీల్‌చెయిర్ అడిగితే గేట్ దగ్గరికే వచ్చింది. కానీ అక్కడి నుంచి ఊళ్లోకి ట్రాఫిక్ మాత్రం ఘోరం, మీరాఫ్లోరెస్ అనే పేట చేరేసరికి గంటంపావు పట్టింది.

మొదటి రెండు రాత్రులు మీరాఫ్లోరెస్‌లోనే ఉన్నాం, కెనెడీ పార్క్ దగ్గర, రోజుకి 110 డాలర్లు బ్రేక్‌ఫాస్ట్‌తో. సేఫ్ ఏరియా, రాత్రి పదింటికి కూడా జనం తిరుగుతుంటారు, పార్కు నిండా పిల్లులు, వాటిని చూసుకుంటూ అమ్మ గంట కూర్చుంది. సముద్రం మీదకి కొండ అంచున పొడుగ్గా పార్కులు ఉంటాయి, నడవడానికి చాలా బావుంటుంది. కానీ ఆగస్టులో లిమాలో ఎండ ఆశించొద్దు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆకాశం బూడిదరంగు, అప్పుడప్పుడూ తుంపర కూడా కాని ఒక తడి పడుతుంటుంది, దాన్ని వాళ్లు గరువా అంటారు. చలి పెద్దగా ఉండదు కానీ తేమ ఎముకల్లోకి దిగుతుంది, పెద్దవాళ్లకి స్వెటర్, మేజోళ్లు తప్పనిసరి.

తిండి దగ్గరే దెబ్బ తిన్నాం. సముద్రం కనిపించే ఒక పెద్ద రెస్టారెంట్‌కి వెళ్లాం, అమ్మకి మాంసం వద్దు అని నేను నేర్చుకున్న స్పానిష్‌లో చెప్పా, వెయిటర్ తలూపాడు, తీరా వచ్చిన సూప్‌లో కోడి ముక్కలు తేలుతున్నాయి. అదేంటంటే ముక్కలు తీసేసి తినమన్నాడు. మేం అడగకుండానే టేబుల్ మీద పెట్టిన బ్రెడ్‌కి కూడా బిల్లులో డబ్బులు వేశారు, ముగ్గురికీ కలిపి 260 సోల్స్ అయింది, అంటే 70 డాలర్ల పైమాటే. అమ్మ ఆ రోజు రూమ్‌కొచ్చి మేం తెచ్చుకున్న అటుకులు తిని పడుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఈవిడని ఇంత దూరం తెచ్చి పస్తు పెడుతున్నానే అనిపించింది.

తర్వాత తెలిసింది నా తప్పేంటో. పెరూలో కార్నె అంటే మామూలుగా గొడ్డు మాంసం అనే అర్థం. కార్నె లేకుండా ఇవ్వమంటే కోడి వేసి ఇవ్వడం వాళ్ల లెక్కలో తప్పు కాదు. అందుకని విడివిడిగా చెప్పాలి, సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో, సిన్ వేవో, అంటే మాంసం, కోడి, చేప, గుడ్డు ఏదీ లేకుండా అని. సిన్ కాల్దో దె పోయో, అంటే కోడి రసం కూడా పోయొద్దని మరీ మరీ చెప్పాలి. బీఫ్ తినని నాన్‌వెజ్ వాళ్లకి కూడా ఒక మాట, ఎక్కడ చూసినా కనిపించే లోమో సల్తాదో బీఫే, సాయంత్రం వీధి బండ్ల మీద ఘుమఘుమలాడే అంతికూచోలు కూడా ఎద్దు గుండె ముక్కలు, వాసన చూసి టెంప్ట్ అయిపోకుండా అడిగి కొనుక్కోండి.

కుస్కో, మాచు పిచ్చు చూసుకుని శనివారం సాయంత్రం లిమా తిరిగొచ్చాం. ఈసారి మీరాఫ్లోరెస్ వద్దనుకుని లిన్సేలో ఒక అపార్ట్‌మెంట్ తీసుకున్నాం, రోజుకి 48 డాలర్లు, రెండు బెడ్‌రూములు, కిచెన్. టూరిస్టులు పెద్దగా రాని పేట, ఆఫీసులు, మెకానిక్ షాపులు, పాత రెండంతస్తుల ఇళ్లు, ఐదు నిమిషాల్లో మార్కెట్. లోటుపాట్లు కూడా చెప్తా. వేడినీళ్ల గీజర్ అరగంట ముందు వేస్తే ఇద్దరి స్నానానికే సరిపోయేది, మూడో మనిషి మళ్లీ ఆగాలి, ఉతికిన బట్టలు రెండు రోజులైనా ఆరలేదు, రోడ్డువైపు బెడ్‌రూమ్‌లో పొద్దున ఆరింటి నుంచే హారన్లు. కుళాయి నీళ్లు తాగొద్దు, ఇది లిమా అంతటికీ. కానీ గేటు దగ్గర వాచ్‌మన్ పెద్దాయన రెండో రోజు నుంచే అమ్మని చూసి లేచి నిలబడి బ్వేనొస్ దియాస్ సెన్యోరా, అంటే శుభోదయం అమ్మగారూ, అనేవాడు, అమ్మ నమస్కారం పెట్టేది. మళ్లీ వెళ్తే లిన్సేలోనే ఉంటాను.

ఆదివారం ఆ వీధిలో చిన్న హోటళ్లన్నీ మూసే ఉన్నాయి, అది ముందే తెలుసుకుని ఉంటే బావుండేది. మూల మీదున్న ఒక చీఫాలో తిన్నాం, చీఫా అంటే పెరూ చైనీస్ హోటల్, 19వ శతాబ్దంలో కూలిపనికి వచ్చి స్థిరపడ్డ చైనా వాళ్ల వంట అక్కడి దినుసులతో కలిసిపోయి ఇలా తయారైంది, ప్రతి పేటలో ఒకటి రెండు ఉంటాయి. అమ్మకి గుడ్డు లేకుండా కూరగాయల చౌఫా, అంటే ఫ్రైడ్ రైస్, అడిగినట్టే చేసిచ్చారు. పర్లేదు, అంతే.

అసలు సంగతి సోమవారం. వాచ్‌మన్ పెద్దాయన్నే అడిగితే వీధి చివర చూపించాడు. బోర్డు కూడా సరిగ్గా లేదు, ఎనిమిది టేబుళ్లు, ప్లాస్టిక్ కవర్ వేసిన టేబుల్ క్లాత్‌లు, గోడ మీద టీవీ, బయట నల్లబల్ల మీద సుద్దతో ఆ రోజు వంటలు. ఇలాంటి చోట్లని వాళ్లు వరీకె అంటారట, మన భాషలో చెప్పాలంటే తెలిసినవాళ్లు మాత్రమే వెళ్లే మెస్. మధ్యాహ్నం మాత్రమే మెను ఉంటుంది, మెను అంటే అక్కడ ఐటమ్స్ లిస్ట్ కాదు, ఫిక్స్‌డ్ భోజనం, మొదట ఒక సూప్ గానీ చిన్న ప్లేటు గానీ, తర్వాత అన్నంతో అసలు కూర, దాంతోపాటు ఒక గ్లాసు డ్రింక్, అన్నీ కలిపి 16 సోల్స్. అప్పుడు డాలర్‌కి మూడున్నర సోల్స్ వచ్చేవి, మీరే లెక్కేసుకోండి. ఒంటిగంటకి వెళ్తే బ్యాంకు ఉద్యోగులు, మేస్త్రీలు, స్కూల్ పిల్లలతో తల్లులు, సీటు దొరకదు, వేరేవాళ్ల టేబుల్‌లోనే సర్దుకుని కూర్చోవాలి. తినేసి వెళ్లే ప్రతి మనిషీ పక్క టేబుళ్ల వాళ్లకి ప్రొవేచో అని చెప్పి వెళ్తాడు, కడుపారా తినండి అన్నట్టు. ముక్కూమొహం తెలియని మాకూ చెప్పారు. అది నాకెంత నచ్చిందో చెప్పలేను.

హోటల్ నడిపే ఆవిడకి యాభై దాటి ఉంటాయి, నేను నా సిన్ కార్నె దండకం మొదలుపెట్టగానే చేత్తో ఆపి, ఫోన్‌లో నా ట్రాన్స్‌లేటర్ తీసుకుని తనే మాట్లాడింది. ఈరోజు సోమవారం, సోమవారం లెంతేహాస్, మీ అమ్మగారికి వేరే గిన్నెలో మాంసం కలవనిది ఇస్తాను అని. పెరూలో సోమవారం మసూర్ పప్పు వండుకోవడం ఆనవాయితీ అట, డబ్బు కలిసొస్తుందని. ప్లేటు వచ్చింది. ఒకవైపు గోపురంలా బోర్లించిన తెల్లన్నం, పక్కన పొట్టుతో ఉన్న ముద్దపప్పు, పైన ఉల్లిపాయ, నిమ్మరసం, కొత్తిమీర కలిపిన సలాడ్. అమ్మ ముందు వాసన చూసింది, అన్నంలో వెల్లుల్లి వేశారే అంది, స్పూన్ పక్కన పెట్టేసి చేత్తో కలిపి ముద్ద పెట్టుకుని, "ఇది పప్పన్నమేనే" అంది. పది రోజుల తర్వాత కడుపు నిండా అన్నం తింది మా అమ్మ. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోను.

మేమిద్దరం మామూలు మెనూనే తిన్నాం. మా ఆయనకి అహీ దె గయీనా, ఉడికించి పీచులా చీల్చిన కోడిని పాలు, నానబెట్టిన బ్రెడ్, అహీ అమారీయో అనే పసుపు మిరపతో చిక్కగా వండుతారు, చూస్తే కుర్మాలా ఉంటుంది కానీ మసాలా ఉండదు, ఆ మిరప కారం కన్నా వాసన ఎక్కువ. నాకైతే మొదట పెట్టిన పాపా ఆ లా వాంకయీనా ఇంకా బావుంది, ఉడికించిన పచ్చటి బంగాళాదుంప చక్రాల మీద అదే మిరపతో చేసిన చీజ్ సాస్ పోస్తారు, పైన గుడ్డు పెడతారు కాబట్టి మన వెజ్ వాళ్లు ముందే వద్దని చెప్పుకోవాలి. బంగాళాదుంప పుట్టిందే అక్కడి ఆండీస్ కొండల్లో, వేల రకాలున్నాయి, ఆ పసుపు దుంప నోట్లో పిండిలా కరిగిపోయింది, మనం తినేదీ అదీ ఒకటేనా అనిపించింది.

మంగళవారం మళ్లీ వెళ్లాం. నిన్న మిగిలిన పప్పూ అన్నం కలిపి పెనం మీద నొక్కి, అడుగు కరకరలాడేలా కాల్చి పెట్టింది, దాని పేరు తాకు తాకు. సద్దన్నాన్ని ఇంత బాగా వండొచ్చని నాకు తెలీదు. ఇంటికొచ్చాక మిగిలిన ముద్దపప్పు అన్నంతో నేనూ చేస్తున్నా, నూనెలో వెల్లుల్లి, మిరప వేయించి అందులోనే కలపాలి, కదపకుండా సన్నమంట మీద వదిలేయాలి. అక్కడ కొన్నిచోట్ల పంది కొవ్వుతో చేస్తారు, అడగాలి, ఈవిడ అమ్మ కోసం నూనెతో చేసింది.

ఆ రోజే మా ఆయన సెవిచె తిన్నాడు, నేను నాలుగు ముక్కలు తిన్నా. పచ్చి చేప ముక్కల మీద నిమ్మరసం, ఉప్పు, మిరప, సన్నగా తరిగిన ఎర్ర ఉల్లిపాయ కలిపి కొన్ని నిమిషాల్లోనే పెడతారు, పొయ్యి ఎక్కదు, నిమ్మ పులుపుకి ముక్క పైన తెల్లబడుతుంది. 2023లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. పక్కన తీపి చిలగడదుంప, గోటి అంత గింజలున్న మొక్కజొన్న, కాంచా అనే వేయించిన మొక్కజొన్న గింజలు. పొద్దున వచ్చిన చేపతోనే చేస్తారు కాబట్టి మధ్యాహ్నమే తినాలి, సెవిచె హోటళ్లు చాలావరకు సాయంత్రానికి మూసేస్తారు. పొట్ట సున్నితంగా ఉన్నవాళ్లు, గర్భిణీలు మానేయడమే మంచిది.

ఇక టేబుల్ మీద పెట్టే కారం. చిన్న మట్టి గిన్నెలో ఎర్రటి చట్నీ, రొకోతో అనే మిరపతో చేసింది. అమ్మ ఒక బొట్టు నాలిక మీద వేసుకుని, మిరప మంచిదే, కారం తీసేశారు అంది. అది ట్రాన్స్‌లేటర్‌లో చెప్తే హోటల్ నడిపే ఆ సెన్యోరా పగలబడి నవ్వి వంటింట్లోకి రమ్మంది. రొకోతో చూడ్డానికి చిన్న టమాటాలా గుండ్రంగా, దళసరిగా ఉంది, కోస్తే లోపల గింజలు నల్లగా, తెల్లటివి కావు, నిగనిగలాడే నలుపు. అమ్మ జీవితమంతా గుంటూరు మిరప చూసిన మనిషి, నల్ల గింజల మిరప చూడ్డం ఇదే మొదటిసారి. సెన్యోరాది అరెకీపా, ఆ ఊరు రొకోతోకి పేరు. గింజలు, ఈనెలు తీసేసి, పంచదార నీళ్లలో ఉడికించి కారం తగ్గిస్తుందట, లేకపోతే గిరాకీలు తినలేరంది. తర్వాత వాకతాయ్ అనే ఆకు వేసి నూరుతుంది, అది మన బంతి జాతి మొక్కే, ఘాటైన పచ్చి వాసన. నూరేది బతాన్ మీద, వెడల్పాటి రాయి, దాని మీద అర్ధచంద్రంలా ఇంకో రాయి, రెండు చేతులతో ఇటూ అటూ ఊపుతారు. అమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని, ఈనెలు తీయని రొకోతో ఒకటి, వెల్లుల్లి, రాళ్లుప్పు వేసి తనే నూరింది. భాష రాని ఇద్దరు ఆడవాళ్లు పావుగంట మాట్లాడుకున్నారు. ఆ చట్నీ సెన్యోరా బుగ్గలెర్రబడేలా తింది, మేం మిగతాది అన్నంలో కలిపేసుకున్నాం.

మెనూతో వచ్చే చిచా మొరాదా గురించి చెప్పాలి, ఊదారంగు మొక్కజొన్నని అనాస తొక్కలు, దాల్చినచెక్క, లవంగాలతో ఉడికించి చల్లార్చి నిమ్మరసం, పంచదార కలుపుతారు. ఆల్కహాల్ కాదు, పిల్లలకీ ఇవ్వొచ్చు, అమ్మకి బాగా నచ్చింది. లిన్సే మార్కెట్‌లో జ్యూస్ కొట్టు దగ్గర చూశాం, గ్లాసు తాగాక మిక్సీ జార్‌లో మిగిలింది మళ్లీ పోస్తారు, దాన్ని యాపా అంటారు. కెచువా మాట అట. అచ్చం మన కొసరు. అమ్మకి ఆ ఒక్క మాటా పట్టేసింది.

సర్వీస్ విషయానికొస్తే అక్కడ తొందరపెడితే పని జరగదు, బిల్లు మనం అడిగేదాకా తేరు, కార్డు తీసుకోరు, ఊరివాళ్లంతా ఫోన్‌లో క్యూఆర్‌కి కొట్టేస్తారు కానీ మన ఫోన్లలో ఆ యాప్ పనిచేయదు కాబట్టి చిల్లర సోల్స్ ఉంచుకోండి. వంద నోటిస్తే చిల్లర కోసం పక్క షాపుకి పరిగెత్తాల్సొచ్చింది ఆ కుర్రాడు. బాత్రూమ్ చిన్నది, శుభ్రంగానే ఉంది, పేపర్ మాత్రం మనమే తీసుకెళ్లాలి.

బుధవారం రాత్రి ఫ్లైట్. మధ్యాహ్నం చివరిసారి వెళ్లాం, అవకాడో పెట్టిన కౌసా, అంటే నిమ్మరసం, మిరప కలిపిన బంగాళాదుంప ముద్ద, అమ్మ కోసం విడిగా చేసి ఉంచింది. తినడం అయ్యాక అమ్మ ఖాళీ గ్లాసు ఎత్తి వంటింటి వైపు చూస్తూ, ఎవరూ నేర్పకుండానే "యాపా, సెన్యోరా" అంది. ఆవిడ చిచా జగ్గుతో వచ్చి గ్లాసు అంచుదాకా పోసి, ఆ జగ్గు అక్కడే టేబుల్ మీద పెట్టేసి వెళ్లింది.