మా యూనివర్సిటీ 'క్యాపిటల్ డే' ప్రోగ్రామ్: 5కి 3 స్టార్లు

టెక్సాస్‌లో మాస్టర్స్ చేస్తున్న మనవాళ్లలో చాలామందికి ఇలాంటి ప్రోగ్రామ్ ఒకటి ఉంటుందనే తెలియదు. తెలిసినవాళ్లు కూడా "మనకు ఓటు లేదుగా, అక్కడికెళ్లి ఏం చేస్తాం" అని ఈమెయిల్ డిలీట్ చేసేస్తారు. రెండేళ్లకోసారి స్టేట్ లెజిస్లేచర్ సమావేశాలు జరిగేటప్పుడు యూనివర్సిటీ గవర్నమెంట్ రిలేషన్స్ ఆఫీసు వాళ్లు స్టూడెంట్స్‌ని బస్సులో రాష్ట్ర రాజధాని ఆస్టిన్ తీసుకెళ్లి, చట్టసభ కూర్చునే క్యాపిటల్ బిల్డింగ్‌లో ప్రతినిధులతో, వాళ్ల స్టాఫ్‌తో మాట్లాడిస్తారు. 2025 స్ప్రింగ్‌లో నేను వెళ్లాను. మాది పబ్లిక్ యూనివర్సిటీ, పేరు మాత్రం రాయడం లేదు.

ముందు నేనెందుకు వెళ్లానో చెప్తాను, ఎందుకంటే ఇది మనవాళ్ల జేబుకు నేరుగా తగిలే విషయం. వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్ వస్తే మొత్తం ఫీజు ఇన్‌స్టేట్ రేటుకు, అంటే టెక్సాస్ వాళ్లు కట్టే తక్కువ ఫీజుకు దిగుతుందని ఇక్కడికొచ్చే ముందే సీనియర్లు చెప్తారు కదా, అది యూనివర్సిటీ మన మీద దయతో ఇచ్చే డిస్కౌంట్ అని నేను మొదటి సంవత్సరమంతా అనుకున్నాను. కాదు. అది టెక్సాస్ ఎడ్యుకేషన్ కోడ్‌లోని సెక్షన్ 54.213. స్కాలర్‌షిప్ పోటీ మీద ఇచ్చినదై ఉండాలి, ఆ పోటీలో టెక్సాస్ వాళ్లు కూడా ఉండాలి, యూనివర్సిటీ మొత్తం స్టూడెంట్స్‌లో 5 శాతానికి మించి ఈ మినహాయింపు ఇవ్వకూడదు. ఇవన్నీ చట్టసభ రాసిన షరతులు. రాసినవాళ్లే ఏదో ఒక సెషన్‌లో మార్చనూవచ్చు. నా ఫీజులో వేల డాలర్ల తేడా ఎక్కడో ఒక గదిలో కూర్చున్నవాళ్ల చేతిలో ఉందని తెలిశాక ఆ గది ఒకసారి చూడాలనిపించింది.

రిజిస్ట్రేషన్ దగ్గరే మొదటి చిక్కు. ఫారంలో ఓటరుగా నమోదైన అడ్రస్ తప్పనిసరిగా ఇవ్వాలన్నారు. ఎఫ్‌-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడికి ఓటరు నమోదు ఎక్కడిది? ఆఫీసుకు మెయిల్ పెడితే "ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ రావక్కర్లేదు" అన్నట్టు ఒక జవాబు వచ్చింది. నేను ఊరుకోలేదు. ఎన్నికల్లో డబ్బు ఇవ్వకూడదు, ఓటు వేయకూడదు, అది నిజమే, కానీ నేను ఉండే ప్రాంతానికి ప్రతినిధిగా ఉన్న మనిషిని కలిసి నా ఇబ్బంది చెప్పుకోవడానికి సిటిజన్‌షిప్ అక్కర్లేదు కదా అని మళ్లీ రాశాను. రెండు రోజుల తర్వాత ఒక కోఆర్డినేటర్ స్వయంగా ఫోన్ చేసి సారీ చెప్పారు, ఫారంలో "ఇప్పుడు నివసిస్తున్న అడ్రస్" అని మార్చారు. మార్చినందుకు మెచ్చుకుంటున్నాను. కానీ ఆ మొదటి జవాబు చూసి ఎంతమంది ఆగిపోయారో అని ఇప్పటికీ బాధగానే ఉంది.

ట్రైనింగ్ మాత్రం చాలా బాగుంది, స్టార్లలో రెండు దానికే. ఆన్‌లైన్‌లో గంటసేపు, సోది లేకుండా చెప్పారు. టెక్సాస్ లెజిస్లేచర్ బేసి సంవత్సరాల్లోనే కూర్చుంటుంది, రెగ్యులర్ సెషన్ 140 రోజులు మించకూడదు, కింది సభ అయిన హౌస్‌లో 150 మంది, పై సభ అయిన సెనేట్‌లో 31 మంది, బడ్జెట్ ఒకేసారి రెండేళ్లకు పాస్ చేస్తారు, 60వ రోజు దాటాక మామూలు బిల్లులు కొత్తగా పెట్టడం కష్టం. 2025లో 8 వేలకు పైగా బిల్లులు వచ్చాయి, పాసైనవి 1200 లెక్కన. అంటే ఒక బిల్లును ఆపడం తేలిక, నడిపించడం కష్టం అని చెప్పిన ట్రైనర్ మాట నాకు బాగా ఎక్కింది. యూనివర్సిటీకి వచ్చే డబ్బులో పెద్ద భాగం ఫార్ములా ప్రకారం వస్తుందని, అంటే స్టూడెంట్స్ ఎన్ని క్రెడిట్ అవర్స్ తీసుకున్నారు, ఏ సబ్జెక్టులో, ఏ స్థాయిలో అనేదాన్ని బట్టి లెక్క కడతారని కూడా అక్కడే తెలిసింది.

ఇంకొకటి కూడా బాగా చెప్పారు, ఇది అర్థం కాకపోతే మిగతాదంతా గందరగోళం. పబ్లిక్ యూనివర్సిటీ కూడా స్టేట్ ఏజెన్సీయే. స్టేట్ ఇచ్చిన బడ్జెట్ డబ్బుతో ఒక బిల్లును గెలిపించడానికో ఓడించడానికో ప్రయత్నించకూడదని గవర్నమెంట్ కోడ్ 556వ చాప్టర్ చెప్తుంది. సమాచారం ఇవ్వొచ్చు, అడిగినదానికి జవాబు చెప్పొచ్చు. అందుకే యూనివర్సిటీ అధికారులు కమిటీ ముందుకెళ్లినప్పుడు సాక్షుల నమోదులో "అనుకూలం", "వ్యతిరేకం" కాకుండా మూడోదైన "బిల్లు గురించి" అనేదాని కింద పేరిస్తారు. గట్టిగా అడగాల్సినవి పూర్వ విద్యార్థుల సంఘాలు అడుగుతాయి, వాటిది స్టేట్ డబ్బు కాదు కాబట్టి. ఫుట్‌బాల్‌లో బద్ధ శత్రువులైన యూటీ ఆస్టిన్, టెక్సాస్ ఏ అండ్ ఎం పూర్వ విద్యార్థులు కలిసి 'ఆరెంజ్ అండ్ మరూన్ లెజిస్లేటివ్ డే' జరుపుకునేది ఇందుకే. స్టూడెంట్‌కి మాత్రం ఈ కట్టుబాటు లేదు, సొంత మనిషిగా వెళ్లి ఏ బిల్లు మీదైనా అవుననో కాదనో చెప్పొచ్చు.

ఆ రోజు సంగతి. తెల్లవారుజామున 5 గంటలకే బస్సు. బస్సు, భోజనం ఫ్రీ. ఎర్ర గ్రానైట్‌తో 1888లో కట్టిన ఆ బిల్డింగ్ ఫొటోల్లో కంటే ఎదురుగా చాలా పెద్దగా ఉంటుంది, కానీ మన పని ఎక్కువగా భూమి కింద ఉన్న ఎక్స్‌టెన్షన్‌లోనే. 1993లో పూర్తయిన ఆ కింది అంతస్తుల్లో ఆఫీసులు, కమిటీ గదులు వరసగా ఉంటాయి, మొదటిసారి వెళ్తే దారి తప్పడం ఖాయం. మా వాళ్లు మ్యాప్ ఇచ్చారు, ప్రతి నలుగురికీ ఒక సీనియర్‌ని తోడిచ్చారు. మధ్యలో గ్యాలరీలో కూర్చోబెట్టారు, మా యూనివర్సిటీకి స్వాగతం చెప్తూ ఒక తీర్మానం చదివారు, అందరం లేచి నిలబడ్డాం. అది ఫొటోకి బాగుంటుంది, అంతే.

అసలు పని అపాయింట్‌మెంట్లలో. ప్రతినిధి స్వయంగా కలిసింది ఒక్క చోటే, మిగతా మూడు చోట్ల స్టాఫర్లే, దాదాపు మన వయసువాళ్లే. దానికి నిరాశపడకండి. బిల్లు చదివి బాస్‌కి రెండు లైన్లలో చెప్పేది వాళ్లే.

ఇక నాకు నచ్చనిది. మా చేతికి ఒక పేజీ షీట్ ఇచ్చారు, అందులో యూనివర్సిటీ అడిగేవి మూడు: ఒక కొత్త బిల్డింగ్‌కి డబ్బు, ఫార్ములా రేటు పెంపు, హేజిల్‌వుడ్ చట్టం కింద మాజీ సైనికులకు, వాళ్ల పిల్లలకు మాఫీ చేసే ఫీజు భారాన్ని స్టేట్ ఇంకాస్త భరించడం. మూడూ న్యాయమైనవే, కాదనను. కానీ అందులో స్టూడెంట్ ఎక్కడ? మానసిక ఒత్తిడికి కౌన్సెలింగ్ అపాయింట్‌మెంట్ కోసం వారాలు ఆగుతున్నాం, టీఏలు (టీచింగ్ అసిస్టెంట్లు) జీతంలోంచే ఫీజులు కట్టుకుంటున్నారు, 54.213 ఉంటుందా పోతుందా అని ప్రతి కొత్త బ్యాచ్‌కీ టెన్షనే. ఇవి మాట్లాడొచ్చా అని అడిగితే "దయచేసి షీట్ దాటొద్దు, మెసేజ్ చెదిరిపోతుంది" అన్నారు. మొదటి రెండు మీటింగుల్లో బుద్ధిగా షీట్ చదివాను. స్టాఫర్ తలాడించారు, ఒక్క ప్రశ్నా రాలేదు. మూడో చోట స్టాఫరే "ఇది మీ యూనివర్సిటీ వాళ్లు పోయిన వారమే చెప్పారు, మీ సంగతి చెప్పండి" అన్నారు. అప్పుడు నోరు విప్పాను. ఆ స్కాలర్‌షిప్ రూల్ లేకపోతే నేను ఈ రాష్ట్రానికే వచ్చేవాణ్ణి కాదని, ల్యాబ్‌లో నేను చేసే పనేంటో, నాలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పాను. ఆమె పెన్ను తీసి రాసుకోవడం మొదలుపెట్టింది, పదిహేను నిమిషాల మీటింగ్ అరగంట అయింది. షీట్‌లో ఉన్నది మోయడానికి యూనివర్సిటీకి జీతమిచ్చి పెట్టుకున్న మనుషులున్నారు. మమ్మల్ని అంత దూరం తీసుకెళ్లేది వాళ్ల దగ్గర లేనిది చెప్పడానికి కాకపోతే ఇంక దేనికి?

ఇది ఎంత ముఖ్యమో ఆ జూన్‌లో బాగా అర్థమైంది. ఇమిగ్రేషన్ పత్రాలు లేని స్టూడెంట్స్‌కి ఇన్‌స్టేట్ ఫీజు ఇచ్చే చట్టాన్ని దేశంలో మొదట చేసింది టెక్సాసే, 2001లో, హౌస్ బిల్ 1403. 2025 సెషన్‌లో దాన్ని రద్దు చేయాలని పెట్టిన బిల్లు పాస్ కాలేదు, సెషన్ జూన్ 2న ముగిసింది. జూన్ 4న ఫెడరల్ ప్రభుత్వం కోర్టుకెళ్లింది, స్టేట్ ఒప్పుకుంది, అదే రోజు జడ్జి ఆ చట్టాన్ని ఆపేశారు. 24 ఏళ్ల చట్టం ఒక్క రోజులో పోయింది. నా సెక్షన్ వేరు, వాళ్లది వేరు, తెలుసు. కానీ మాతో పాటు బస్సులో వచ్చిన ఒకమ్మాయి బతుకు దాని మీదే ఉంది, ఆ షీట్‌లో దాని గురించి ఒక్క వాక్యం కూడా లేదు. పొజిషన్ తీసుకోకూడదు, ఒప్పుకుంటాను. మా దగ్గర ఈ చట్టం కింద ఇంతమంది చదువుతున్నారు అనే లెక్క ఇవ్వడం సమాచారమే కదా, దానికి చట్టం అడ్డు లేదు.

ఫాలోఅప్ శూన్యం. బస్సు దిగాక ఒక థాంక్యూ మెయిల్, సర్వే లింకు. మేం అడిగిన మూడింటికీ ఏమైందో ఎవరూ చెప్పలేదు. టెక్సాస్ లెజిస్లేచర్ ఆన్‌లైన్ సైట్‌లో బిల్లు నంబర్ కొట్టి నేనే రోజూ చూసుకున్నాను. ఆ సైట్ ఫ్రీ, చాలా బాగుంది, బిల్లు కదిలినప్పుడల్లా మెయిల్ వచ్చేలా పెట్టుకోవచ్చు. హౌస్ కమిటీకి ఆన్‌లైన్‌లో కామెంట్ కూడా పంపొచ్చు. ఇవేవీ ట్రైనింగ్‌లో చెప్పలేదు.

అయినా వెళ్లమనే చెప్తాను. ఒక్కరమే వెళ్తే అపాయింట్‌మెంట్లు అంత తేలిగ్గా దొరకవు. వెళ్లేముందు మీ అడ్రస్‌కి ప్రతినిధి, సెనేటర్ ఎవరో చూసుకోండి, షీట్‌లోది ఒక నిమిషంలో చెప్పేసి మీ సొంత విషయం రెండు నిమిషాల్లో చెప్పేలా ఇంట్లో పైకి చదివి ప్రాక్టీస్ చేయండి, మీ పేరు, డిపార్ట్‌మెంట్, అడిగేది ఒక్కటే రాసిన కాగితం వాళ్ల దగ్గర వదిలి రండి.

అన్నిటికంటే ముఖ్యం, జనవరి దాకా ఆగకండి. వచ్చే రెగ్యులర్ సెషన్ 2027 జనవరి 12న మొదలవుతుంది కానీ యూనివర్సిటీ స్టేట్‌ని ఏమేం అడగాలో రాసే బడ్జెట్ రిక్వెస్ట్ అంతకుముందు వేసవిలోనే, అంటే 2026లోనే తయారవుతుంది. మన విషయం షీట్‌లోకి ఎక్కాలంటే అప్పుడే అడగాలి. స్టూడెంట్ గవర్నమెంట్‌లో ఎవరైనా ఉంటే పట్టుకోండి. 2005 చట్టం ప్రకారం యూనివర్సిటీ సిస్టమ్‌లను నడిపే బోర్డుల్లో స్టూడెంట్ రీజెంట్ అని విద్యార్థి సభ్యుడు ఒకరు ఉంటారు, ఓటు లేదు కానీ సమావేశంలో కూర్చుంటారు, మాట్లాడతారు. నేను కౌన్సెలింగ్ స్టాఫ్ విషయం ఒక పేజీలో రాసి గవర్నమెంట్ రిలేషన్స్ ఆఫీసుకు, స్టూడెంట్ గవర్నమెంట్‌కు పంపాను. కింద నాతో పాటు పదకొండు మంది సంతకాలున్నాయి. మా క్యాంపస్‌లో చదివేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మెసేజ్ పెట్టండి, ఆ కాగితం పంపిస్తాను.